చిత్రము చూపిన ఊరు, చూపని ఊరు

భవభూతి మహాకవి తన ఉత్తరరామచరిత నాటకమున, ప్రథమాంకములోనే ఒక చిత్రవీథిని నిలిపినాడు. పట్టాభిషిక్తుడైన శ్రీరామునకును, నిండుచూలాలైన సీతకును లక్ష్మణుడు గోడమీది చిత్రములను ఒక్కటొక్కటిగా చూపుచుండును. అవి అన్యుల కథలు కావు. వారు నడచిన త్రోవలే, వారు పడిన పాట్లే. దండకారణ్యము వచ్చును, పంచవటి వచ్చును, గోదావరీతీరము వచ్చును. శూర్పణఖ బొమ్మ కనబడగానే సీత బెదరును. ఇది బొమ్మయే గదా యని రాముడు ఆమెను ఊరడించును. అట్లు ఊరడించిన రామునకే తరువాతి చిత్రములను చూచి కన్నీరాగదు. చూచుట ముగిసిన పిదప సీతకొక కోరిక పుట్టును. ఆ ప్రశాంతవనములలో మరల తిరుగవలెను, భాగీరథిలో స్నానమాడవలెను. రథము సిద్ధపరుపుమని రాముని యాజ్ఞ యగును. ఆ రథముమీదనే ఆమె అడవులపాలగును.

నేనీ ఘట్టమును మొదట చదివినప్పుడు, జరిగిన కథను ప్రేక్షకులకు తెలుపుటకై కవి పన్నిన ఉపాయమని మాత్రమే తలచితిని. పెక్కుమార్లు చదివినమీదట వేరొక సంగతి తోచినది. చిత్రము ఒక స్థలమును చూపి ఊరకుండదు. ఆ స్థలమును గూర్చి ఏమి తలపవలెనో నేర్పును. తలపునుండి కోరిక పుట్టించును. కోరిక రథమును కదలించును. చిత్రములో అడవి ఎంతయు ప్రశాంతము. రథము దిగినచోటి అడవి వేరు.

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్రవిషయమేదైన వ్రాయుమని సంపాదకవర్గమువారు కోరినప్పుడు, ఈ భావము నామనస్సున మెదలుచుండెను. చిత్తరువు, ఛాయాచిత్రము, చలనచిత్రము అను నీ మూడును ఒక ఊరిని మనకెట్లు చూపుచున్నవో, ఏమి దాచుచున్నవో ఒక్క ఉదాహరణము పట్టుకొని విచారింతము. ఆ ఉదాహరణము మన కృష్ణాతీరమందలి అమరావతి. రెండువందల సంవత్సరములకు పైగా ఇంతగా చిత్రింపబడి, అదే కాలమున ఇంతగా రూపుమాసిన స్థలము తెలుగునాట మరియొకటి అరుదు.

1796లో రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు చింతపల్లి విడిచి అమరావతిలో క్రొత్త రాజధాని కట్టనారంభించిరి. ఊరిప్రక్కన దీపాలదిన్నె యను పేరుగల మట్టిదిబ్బ యుండెను. కట్టడములకు రాయి కావలసి ఆ దిబ్బను త్రవ్వగా, బొమ్మలు చెక్కిన పలకలు బయల్పడినవి. అది శాతవాహనులనాటి మహాచైత్యమని అప్పటివారికి తెలియదు. పలకలు కొన్ని గోడలలో చేరినవి, కొన్ని కొలను మెట్లైనవి. ఈ వార్త విని 1798 ప్రాంతమున కాలిన్ మెకంజీ దొర వచ్చి చూచెను. ఈతడు స్కాట్లండు వాయవ్యమున లూయిస్ ద్వీపమునందు పుట్టి, 1783లో చెన్నపట్టణము చేరిన సైనికోద్యోగి, వృత్తిచే సర్వేదారుడు.

మెకంజీ పేరు మన గ్రామలెక్కలు వ్రాయువారికి క్రొత్తది కాదు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల తోడ్పాటుతో ఆతడు ఊరూరి కరణములయొద్దనుండి దండకవిలెలు, స్థానికచరిత్రలు వ్రాయించి కూర్చినవే కైఫియతులు. బొర్రయ్యగారు 1803లోనే కాలధర్మము నొందగా, లక్ష్మయ్యగారు ఆ పనిని కొనసాగించిరి. ఈనాడు అనేక గ్రామముల పూర్వచరిత్రకు ఆ కైఫియతులే ఆధారము.

1816లో మెకంజీ, భారతదేశపు సర్వేయరు జనరలు హోదాలో, సహాయకులను వెంటబెట్టుకొని అమరావతికి మరల వచ్చెను. అప్పటికి దిబ్బ నడిభాగము త్రవ్వి చెరువు చేయబడియుండెను. మిగిలిన పలకలను ఆతని సహాయకులు ఒక్కటొక్కటిగా కాగితముపై దింపిరి. 1817లో స్థలమునకు పటము గీయబడినది. ఆ చిత్తరువుల సంపుటమొకటి 85 పత్రములతో నేడు లండనులోని బ్రిటిష్ గ్రంథాలయమున నున్నది.

ఈ చిత్తరువులలో నాకు మిక్కిలి గౌరవము కలిగించునది గీతలయొక్క నైపుణ్యము కాదు. వానిలో పెక్కింటిపై తారీఖు కలదు. గీసినవాని పేరు కలదు. ఆ రాయి దిబ్బపై ఏ దిక్కున దొరికెనో ఆ వివరము కలదు. సర్వేదారుని చేయి అది. పొలమునకు హద్దులు వ్రాసినట్లు రాతికి హద్దులు వ్రాసిరి. ఆనాడు వారు చూచిన రాళ్ళలో అనేకము తరువాత కనబడకుండ పోయినవి. పగిలి సున్నమైనవెన్నో, గోడలలో కలిసినవెన్నో చెప్పలేము. వానికి మిగిలిన ఏకైక సాక్ష్యము ఆ కాగితములే. కాగితమునందు చోటు, తారీఖు ఉన్నందుననే ఆ సాక్ష్యము చెల్లుచున్నది.

ఐనను ఆ చిత్తరువు లేమి చూపుటలేదో గూడ గమనింపవలెను. కాగితము నడుమ ఒంటరిగా రాయి నిలిచియుండును. ఆ దిబ్బ చుట్టునున్న ఊరు, ఆ రాళ్ళు మోసిన కూలివారు, ప్రక్కనే పూజలందుచున్న అమరేశ్వరాలయము ఆ చట్రములో లేవు. ఇది దోషమని యనుటలేదు. రాయిని గీయవచ్చినవాడు రాయినే గీయును. కాని చూచువారికి మాత్రము అమరావతియన నిర్జనమైన శిథిలస్థలమను భ్రాంతి కలుగక మానదు. నిజమునకు ఆనాడది క్రొత్తగా కట్టుచున్న రాజధాని. బండ్లు, బేరములు, బ్రాహ్మణాగ్రహారములు, సంతలు గల చోటు.

ఇక ఛాయాచిత్రముల కాలమునకు వత్తము. 1845లో వాల్టర్ ఇలియట్ దొర దిబ్బను త్రవ్వించి పెక్కు పలకలను వెలికితీసి చెన్నపట్టణము పంపించెను. అవి అచ్చట ఏండ్లతరబడి ఆరుబయట ఎండకు ఎండి వానకు తడిసినవి. 1858లో చెన్నపురి ప్రభుత్వ ఛాయాచిత్రకారుడైన లిన్నేయస్ ట్రైపు అను సైనికోద్యోగి, అక్కడి మ్యూజియములోనున్న ఈ రాళ్ళను ఛాయాచిత్రములుగా తీసెను. 75 చిత్రములుగల ఆ సంపుటమునకు 'ఇలియట్ మార్బుల్స్' అను పేరు ప్రధానముగా పెట్టబడినది. మరుసటి సంవత్సరము, అనగా 1859లో, 121 రాళ్ళు ఓడనెక్కి లండను చేరినవి.

ఆ పేరును ఒకింత విచారింపుడు. మార్బుల్ అనగా పాలరాయి. అమరావతి శిల్పములు పాలరాతివి కావు. లేత ఆకుపచ్చ ఛాయ గల పల్నాటి సున్నపురాయివి. కాని అంతకుముందే ఎల్గిన్ ప్రభువు గ్రీసుదేశమునుండి తెచ్చిన శిల్పములు లండనులో 'ఎల్గిన్ మార్బుల్స్' అను పేర ప్రఖ్యాతములై యుండెను. ఆ ఒరవడిలో మన పలకలును ఒక దొరగారి మార్బుల్సైనవి. ఆనాటి ఛాయాచిత్రమునకు రంగు లేదు. తెలుపు, నలుపు, వాని నడుమ ఛాయలు మాత్రమే. చిత్రమున రంగు లేకపోవుటయు, పేరులో పాలరాయి యుండుటయు తోడై, పల్నాటి గనిలో పుట్టిన రాయి చూచువారి మనస్సులో మరియొక దేశపు రాయియైనది. పేరు కూడ చిత్రములో భాగమే యని దీనివలన తెలియవలెను.

చిత్రము చదివించు పద్ధతి ఎంతదూరము పోగలదో తరువాతి కథ చెప్పును. లండను చేరిన రాళ్ళు కొంతకాలమునకు ఫైఫ్ హౌసు అను భవనపు బండ్ల కొట్టములో పడియుండెను. 1867లో శిల్పచరిత్రకారుడైన జేమ్స్ ఫెర్గూసను వానిని గుర్తించెను. విలియం గ్రిగ్స్ అనునతనిచే ఆ ముక్కలకు ఒకే కొలతలో ఛాయాచిత్రములు తీయించి, వానిని మెకంజీ చిత్తరువులతో పోల్చి, కాగితముపై ముక్కకు ముక్కను జతపరచి చైత్యము రూపమును ఊహించెను. బరువైన రాళ్ళను కదలింపకయే బల్లమీద కట్టడమును నిలిపిన ఆ యుక్తిని మెచ్చుకొనవలసినదే. 1868లో ఆతడు సాంచీ, అమరావతి శిల్పములను చేర్చి ఒక మహాగ్రంథము వెలువరించెను. దానికాతడు పెట్టిన పేరు వృక్షసర్పపూజ. శిల్పములలో చెట్లు, నాగులు విశేషముగా కనబడుటచే, బౌద్ధమునకు ముందున్న ఆ పూజయే వీనికి మూలమని ఆతని నిశ్చయము. నేడు పండితులు ఆ చెట్టును బోధివృక్షముగను, ఆ నాగులను బుద్ధుని కొలుచు భక్తులుగను చదువుచున్నారు. స్థలమునుండి వేరైన చిత్రము, తనను పట్టుకొన్నవాని ఊహకు ఎంత సులభముగా లొంగునో చూడుడు.

ఫెర్గూసను గ్రంథమువలన యూరపులో అమరావతి పేరు మ్రోగినది. పేరు మ్రోగుటవలన దిబ్బకు మేలు కలుగవలెను గదా! 1877లో రాబర్ట్ సెవెల్ కొంతభాగము త్రవ్వి, దొరికినదానిని క్రమముగా వ్రాసెను. కాని 1880లో చెన్నపురి గవర్నరు బకింగుహాము ప్రభువు ఉత్తరువుచే దిబ్బ మొత్తము త్రవ్వి ఖాళీ చేయబడినది. ఏ రాయి ఎచ్చట ఏ లోతున నుండెనో వివరము లేకుండ అన్నియు పైకి లాగబడినవి. 1881 చివర పురాతత్త్వజ్ఞుడు జేమ్స్ బర్జెస్ వచ్చి చూచునప్పటికి మిగిలినది ఒక గుండ్రని పెద్ద గొయ్యి. ఆతడు మిగిలిన రాళ్ళను పరిశీలించి 1887లో గ్రంథము ప్రకటించెను. రాళ్ళు ఉన్నవి, వాని చిరునామా పోయినది. 1817లో గీసినవారు వ్రాసిన ఒక్క పంక్తి వివరమునకు వెల ఎంతయో, 1880లో వ్రాయనివారివలన మనకు బాగుగా తెలిసినది.

దీనికి ఎదురుగా నాగార్జునకొండను తలచుకొనవలెను. సాగరము నిర్మించుటకు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. లోయ మునుగుట నిశ్చయమైనందున 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యముగారి ఆధ్వర్యమున విస్తారముగా త్రవ్వకములు జరిగినవి. ఇటుక కదలకముందే కొలతలు తీసిరి, పటములు గీసిరి, ఛాయాచిత్రములు తీసిరి. కొన్ని కట్టడములను కొండపైకిని అనుపునకును తరలించి నిలిపిరి. 1967లో కాలువలకు నీరు వదలబడినది. ఇక్ష్వాకుల విజయపురి నేడు నీటిక్రింద నున్నది. ఐనను ఏ విహారము ఏ దిక్కున నుండెనో చెప్పగలము. అమరావతిలో భూమి ఉన్నది, వివరము లేదు. నాగార్జునకొండలో భూమి లేదు, వివరము ఉన్నది. ఊరు పోవుటలో రెండువిధములున్నవని నాకు దీనివలన బోధపడినది.

మరి అమరావతి చైత్యమనగానే మన కన్నులయెదుట నిలుచు రూపము, ఆ గుమ్మటము, ముందు సింహములు, నాలుగుదిక్కుల అయిదేసి ఆయకస్తంభములు, ఇవి ఎక్కడనుండి వచ్చినవి? ఏ దొర గీసినదియు గాదు. ఆ చైత్యమును చెక్కిన శిల్పులే, పలకలమీద చైత్యముయొక్క బొమ్మను గూడ చెక్కిరి. ఇంటి గోడపై ఆ యింటి బొమ్మనే వేసినట్లు. వేయిన్నర సంవత్సరములకు పైబడిన ఆ బొమ్మయే నేటికిని పుస్తకములకు, నమూనాలకు ఆధారము. ఐతే అదియు కొలతలుగల పటము కాదు, భక్తితో చేసిన చిత్రము. అందు ఆకాశమున దేవతలు ఎగురుచుందురు. గుమ్మటమెంత యెత్తుండెనో దానినిబట్టి తేల్చుట సాధ్యము కాదు. మనవారు తీసిన చిత్రమైనను చిత్రము చిత్రమే.

కాని ఆ శిల్పకాలమువారు ఒక గొప్ప పని చేసిరి. పలకలమీద దాతల పేర్లు చెక్కించిరి. రాజులు, మంత్రులే కాదు; భిక్షుణులు, గృహిణులు, వర్తకులు అందున్నారు. పూర్ణఘటము చెక్కిన ఒక పలకపై, అది విధికుడను చర్మకారుడు తన తల్లితో, భార్యతో, సోదరులతో, బిడ్డలతో కూడి యిచ్చిన దానమని ప్రాకృతములో వ్రాసియున్నది. 2018లో ఆంధ్రప్రదేశ్ రాజముద్రయందు అమరావతి పూర్ణఘటమునకు స్థానము లభించినది. ఆ ముద్రను ప్రతిదినము కాగితములపై చూచుచున్న మనలో, అట్టి పూర్ణఘటమొకటి తోలుపని చేసికొని బ్రదికిన ఒక కుటుంబపు కానుక యని యెందరికి తెలియును? రాతిపై ఆ యొక్క పంక్తి లేకున్నచో ఎవ్వరికిని తెలియదు. బొమ్మ ఘటమును చూపినది. వ్రాత మనిషిని చూపినది.

ఇక కదలు బొమ్మలను గూర్చి కొంచెము. నిలిచిన చిత్రమునకంటె కదలు చిత్రమునకు బలమెక్కువ. ఏలయనగా అందులో మనుష్యులు మాటలాడుదురు, ఏడ్తురు, మనచేత ఏడ్పింతురు. 1932లో వచ్చిన మన తొలి తెలుగు టాకీ 'భక్తప్రహ్లాద' బొంబాయిలో తీయబడినది. తరువాత దశాబ్దములపాటు తెలుగు చిత్రములలో అధికభాగము చెన్నపట్టణపు స్టూడియోలలో తయారైనవి. అనగా వెండితెరపై మనము చూచిన అనేక తెలుగుపల్లెలు చెన్నపట్టణమున కొయ్యతోను, గుడ్డతోను, రంగుతోను కట్టినవి. పిదప కెమెరా బయటికి వచ్చి గోదావరి నంటిపెట్టుకొన్నది. 1964లో 'మూగమనసులు', 1967లో పులిదిండి గ్రామమున తీసిన బాపుగారి 'సాక్షి' మొదలగునవి ఆ నదిని, ఆ పడవలను, ఆ కొబ్బరితోటలను అందరి కన్నులలో నిలిపినవి. అవి మంచి చిత్రములే. కాని క్రమముగా పల్లెటూరనిన ఏటిగట్టు, కొబ్బరిచెట్టు, పడవ అను నిశ్చయము జనులలో పాతుకొన్నది. నల్లరేగడి పొలముల పల్నాడు, రాళ్ళసీమలోని వేరుసెనగ చేలు, చెరువులనే నమ్ముకొన్న తెలంగాణపు ఊళ్ళు ఆ లెక్కలోనికి రాలేదు. 1940 దశాబ్దపు తెలంగాణ రైతుపోరాటమును గూర్చి, కిషన్ చందర్ ఉర్దూ నవల నాధారము చేసికొని గౌతమ్ ఘోష్ 'మాభూమి' తీసి, అది 1979-80 నాట వచ్చినప్పుడు, అక్కడి గడీలను, గుడిసెలను, పలుకుబడిని తెరపై చూచి తమ ఊరును తాము గుర్తించిన ప్రేక్షకులెందరో యుందురు. తన ఊరు చిత్రమున కెక్కనివాడు, తన ఊరు ఊరే కాదేమోయని లోలోపల చిన్నబోవును. ఇది చిన్న నష్టము కాదు.

పేరుయొక్క విషయము గూడ ఇట్టిదే. మాహిష్మతియను నగరము పురాణప్రసిద్ధము. కార్తవీర్యార్జునుని రాజధానియని చదువుచున్నాము. రఘువంశమున ఇందుమతీ స్వయంవరఘట్టములో కాళిదాసు ఆ నగరమును రేవానదీతీరమున, అనగా నర్మద ఒడ్డున నిలిపినాడు. నేడు మన బడిపిల్లలను మాహిష్మతి యెక్కడనున్నదని యడుగుడు. 2015, 2017 సంవత్సరములలో వచ్చిన 'బాహుబలి' చిత్రములోని జలపాతములను, మహాసౌధములను వర్ణింతురు. ఆ నగరము హైదరాబాదు చేరువనున్న చిత్రనగరిలో కొంత, గణనయంత్రములో కొంత పుట్టినది. పిల్లలది తప్పు కాదు. వారు చూచినదియే చెప్పుచున్నారు. మనము చదివి వినిపింపలేదు.

ఈ ప్రసంగము తిరిగి అమరావతికే వచ్చుచున్నది. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెమున నూతన రాజధానికి ప్రధానమంత్రిచే శంకుస్థాపన జరిగినది. 29 గ్రామముల పరిధిలో రైతులు 33,000 ఎకరములకు పైబడిన భూమిని సమీకరణక్రింద అప్పగించిరి. పునాది తీయకముందే నగరపు చిత్రములు పత్రికలలోను, దూరదర్శనములలోను నిండినవి: అద్దపు మేడలు, నదిలో నావలు, పచ్చని ఉద్యానములు. శాసనసభాభవనపు రూపమును గూర్చి 2017లో ప్రభుత్వమువారు 'బాహుబలి' దర్శకులైన రాజమౌళిగారి సలహాను గూడ కోరిరి. పూర్వము స్థలము ముందుండి చిత్రము వెనుక పుట్టెడిది; ఇప్పుడు చిత్రము ముందు పుట్టి స్థలమును రమ్మని పిలిచినది. 2019 తరువాత పనులు నిలిచినవి. 2024 తరువాత మరల మొదలైనవి. ఆ నడుమ సంవత్సరములలో, చిత్రములోని మేడను తలచుకొనుచు, ముందట కంపచెట్లు మొలచిన భూమిని చూచుచు రైతులు గడిపిన దినములు, సీతాదేవి రథము దిగిన తరువాతి దినములను జ్ఞప్తికి తెచ్చుచున్నవి. ఈ విషయమున ఎవరిది ఒప్పో, ఎవరిది తప్పో తీర్పు చెప్పుట నా యుద్దేశము కాదు. చిత్రమునకు ఎంతటి బలమున్నదో తెలుపుట మాత్రమే.

ఇందులోనే మరియొక చిక్కు కలదు. చైత్యమున్న పాత అమరావతి వేరు, రాజధానీగ్రామములు వేరు. రెండిటికిని నడుమ పొలములు, ఊళ్ళు ఉన్నవి. 2022లో జిల్లాలు విభజింపబడినప్పుడు పాత అమరావతి పల్నాడు జిల్లాలో చేరెను. రాజధాని ప్రాంతమైన తుళ్ళూరు గుంటూరు జిల్లాలో నిలిచెను. కాని దూరదేశపు తెలుగువారు చూచు చిత్రములలో పాత ఊరి బుద్ధవిగ్రహము, క్రొత్త ఊరి మేడ ప్రక్కప్రక్కనే నిలిచియుండును. 125 అడుగుల ధ్యానబుద్ధుని ముందు ఛాయాచిత్రము తీయించుకొని, రాజధాని చూచివచ్చితిమని చెప్పువారిని నేనెరుగుదును. ఆ ప్రక్కనేయున్న చైత్యపు గుండ్రని నేలకట్టును చూచివచ్చినవారు తక్కువ. గొయ్యి చిత్రమునకు అందముగా నుండదు గదా!

పాఠకమహాశయులారా! పరుల చట్రములను ఇంతసేపు పరీక్షించితిమి. ఇక మన చట్రమును మనము పరీక్షించుకొనుట న్యాయము. ఈ రజతోత్సవ సందర్భమున ప్రదర్శనకై ఇంటింటినుండి పాత ఛాయాచిత్రములు సేకరించితిమి. పెట్టెలనిండ వచ్చినవి. వెనుకకు త్రిప్పి చూడగా చాలవాటిపై ఒక్క అక్షరమైనను లేదు. ఒక చిత్రమున చెరువుగట్టుపై గంపలతో మన్ను మోయుచున్న జనులున్నారు. అది మన ఊరచెరువని ఒక పెద్దాయన, కాదు పొరుగూరి చెరువని మరియొక పెద్దాయన వాదించిరి. ఏ కరవునాటిదో ఎవరును చెప్పలేకపోయిరి. అందున్న ముప్పదిమందిలో ఒక్కరి పేరును తేలలేదు. హద్దులు, తారీఖు, సాక్షిసంతకము లేని దస్తావేజును ఏ కచేరీయైనను త్రోసివేయును. ఆ చిత్రము సత్యమే. కాని మన అజాగ్రత్తవలన సాక్ష్యమునకు పనికిరానిదైనది. 1880లో అమరావతి దిబ్బను త్రవ్వించినవారిని నిందించితిని. మనము చేసినపని దానికి ఎంత దూరము?

ఇంకొక సంగతి చెప్పకతప్పదు. సేకరించిన చిత్రములలో తిరునాళ్ళ రథము పలుమార్లు కలదు. పెండ్లిపందిళ్ళున్నవి, పాఠశాల వార్షికోత్సవములున్నవి, పెద్దల సన్మానములున్నవి. రథము లాగిన చేతులున్న వాడలు లేవు. నాట్లువేసిన ఆడువారు లేరు. చెప్పులు కుట్టిన ఇల్లు లేదు. మెకంజీ కాగితముపై ఊరు లేకుండ రాయి ఒక్కటే నిలిచినట్లు, మన చిత్రములలో సగము ఊరు లేకుండ మిగిలిన సగమే నిలిచినది. ఇన్ని శతాబ్దముల క్రిందట విధికుడను చర్మకారుని పేరు మహాచైత్యముపై చెక్కుటకు అభ్యంతరము లేకపోయెను గదా! మన గ్రంథాలయపు గోడమీద అతని వృత్తివారి చిత్రమునకు చోటు లేకపోవుటకు కారణమేమని మనమే ప్రశ్నించుకొనవలెను.

కాళిదాసు శాకుంతలమున, ఆరవ అంకములో, దుష్యంతుడు శకుంతల చిత్తరువును తానే వ్రాసి ముందుంచుకొనును. అందరును అది సజీవముగా నున్నదని మెచ్చుకొందురు. రాజునకు తృప్తి లేదు. ఇంకను మాలినీనది వ్రాయవలెను, దాని యిసుకతిన్నెలపై హంసలను వ్రాయవలెను, హిమాలయపు చరియలలో లేళ్ళను వ్రాయవలెను, నారచీరలు ఆరవేసిన చెట్టును వ్రాయవలెనని లెక్కించును. మనిషిని మరచినప్పుడు కలిగిన నష్టము ఆతనికి తెలిసినది. కనుకనే ఆ మనిషి బ్రదికిన చోటంతయు చిత్రములోనికి రావలెనని కోరును. చిత్రము చూచునప్పుడు ఇందు ఏమి మిగిలిపోయినదని అడుగుట ఆ రాజు మనకు నేర్పిన పాఠము.

కావున కార్యవర్గమువారికి నా విన్నపము. గ్రంథాలయమున ఒక చిత్రముల పెట్టెయు, దానితోపాటు ఒక చిట్టాపుస్తకమును ఉంచవలెను. ప్రతి చిత్రమునకు సంఖ్యవేసి అయిదు సంగతులు వ్రాయవలెను: ఏ చోటు, ఏ దినము, తీసినవారెవరు, అందున్నవారెవరు, చట్రమునకు వెలుపల ఏమున్నది. ఈ అయిదవదానిని ఎవ్వరును వ్రాయరు, అదియే ముఖ్యము. నేడు ప్రతివాని జేబులోను కెమెరా గల సెల్‌ఫోను ఉన్నది. ఒక్క తిరునాళ్ళకు వేలకొలది చిత్రములు తీయుచున్నారు. మన యువకులు సంవత్సరమునకొక దినము, వీథివీథికి, వాడవాడకు తిరిగి, ఊరంతయు చిత్రించి, పేర్లతో సహా చిట్టాకెక్కించినచో, ఇరువదియైదేండ్ల పిమ్మట స్వర్ణోత్సవము చేయువారు మనలను తలచుకొందురు.

ఆ చెరువుగట్టు చిత్రము ప్రస్తుతము పఠనమందిరములో, ద్వారమునకు కుడివైపున వ్రేలాడుచున్నది. దానిక్రింద ఒక తెల్లకాగితము అంటించి, ప్రక్కన ఒక పెన్సిలును కట్టితిమి. వృద్ధులను వెంటబెట్టుకొని రండు. గంప ఎత్తుకొన్న ఆ ముప్పదిమందిలో ఒక్క ముఖమునైనను ఎవరైన గుర్తుపట్టినచో, ఆ పేరును అచ్చట వ్రాయుడు.